తారక్ వేసిన కొసరు

“పాత కెమెరాలు, రేడియోలు, గడియారాలు కొంటాం! బదులు సామాను ఇత్తాం!”

కేక వీధి మొదట్లో ఉండగానే తారక్ కంచం ముందు నుంచి లేచిపోయాడు. చెయ్యి కడుక్కున్నాడో లేదో వాడికే తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం. అనకాపల్లి బెల్లం మార్కెట్‌కి సెలవు. కింద కొట్టుకి తాళం వేసి ఉంది. పైన ఇంట్లో తాతయ్య పడక్కుర్చీలో గురక పెడుతున్నాడు. నాన్న ఒక్కడే మేలుకుని పేపరు చదువుతున్నాడు.

“నాన్నా, బీరువా మీదున్న పాత కెమెరా సంచి ఇచ్చెయ్యనా?”

నాన్న పేపరు దించలేదు. “పనిచేస్తందేటి అది? దానికి ఫిల్ములే దొరకవు. ఇచ్చెయ్.”

తారక్‌కి ఇంకేం కావాలి? కుర్చీ ఎక్కి సంచి దింపాడు. దుమ్ము దులిపాడు. రెండేసి మెట్లు దూకుతూ వీధిలోకి పరిగెత్తాడు.

తారక్ ఆరో తరగతి. బేరంలో తనని కొట్టేవాడు అనకాపల్లిలోనే లేడని వాడి నమ్మకం. సెలవుల్లో తాతయ్య పక్కన కొట్లో కూర్చుని నేర్చుకున్న విద్య అది. నచ్చిన సరుకు వైపు చూడకూడదు. ఇది తాతయ్య మొదట నేర్పింది. బేరం తెగాక కొసరు వెయ్యకుండా పంపకూడదు. ఇది తర్వాత నేర్పింది. ఎవరు బెల్లం దిమ్మ కొన్నా తాతయ్య పైన ఓ ముక్క విరిచి చేతిలో పెడతాడు. “కొసరు వెయ్యనోడి కొట్టు మెట్లు ఎవడూ రెండోసారి ఎక్కడు” అంటాడు.

కేకేసిన మనిషి పేరు నూకరాజు. నర్సీపట్నం అవతల గొలుగొండ నుంచి అప్పుడప్పుడు వస్తాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. మెడలో ఆకుపచ్చ తువ్వాలు, భుజాన గోనెసంచి. మెట్ల మీద కూర్చుని సంచిలోంచి ఒక్కొక్కటే తీసి పెట్టాడు. ఓ రేడియో. ఓ అలారం గడియారం. ఓ నల్లటి బైనాక్యులర్స్.

బైనాక్యులర్స్! తారక్ గుండె గంతేసింది. డాబా మీంచి చూస్తే స్టేషన్లో ఆగిన రైలు పేరు కూడా చదవొచ్చు!

వెంటనే మొహం తిప్పుకుని రేడియో చేతిలోకి తీసుకున్నాడు. “ఇది పలుకుద్దా?”

“ఎందుకు పలకదు? నీకంటే గట్టిగా పలుకుద్ది.”

నూకరాజు కెమెరాని అటూ ఇటూ తిప్పాడు. వెనక మూత తీసి లోపలికి ఊదాడు. ఫ్లాష్ లైటు, మూడు కాళ్ళ స్టాండు కూడా చూశాడు. పెదవి విరిచాడు.

“బూజు పట్టేసింది బాబూ. గడియారం తీసుకో.”

“మా ఇంట్లో గడియారాలే గడియారాలు. రేడియో, బైనాక్యులర్స్ రెండూ ఇస్తే ఆలోచిస్తాను.”

“రెండా! ఈ చచ్చిన కెమెరాకా! ఒకటి సెప్పు.”

తారక్ రేడియోని చాలాసేపు చూశాడు. వదల్లేక వదిలినట్టు కింద పెట్టాడు. “సర్లే. ఆ బైనాక్యులర్సే పడెయ్.”

బేరం తెగింది. తారక్‌కి ఎగిరి గంతెయ్యాలనిపించింది. వెయ్యలేదు. వ్యాపారస్తుడు గంతెయ్యడు.

“మరి కొసరో?” అన్నాడు నూకరాజు.

“మెడకేసుకునే బెల్టు ఉందిగా.”

“బెల్టు కెమెరాది. ఆవుని అమ్మి తోక కొసరంటావేటి?” అని నవ్వుతూ నూకరాజు సంచి పక్కజేబు తడిమాడు. “ఇందులో ఏటో ఉంది.”

మెత్తటి గుడ్డలో చుట్టిన చిన్న భూతద్దం అది. నల్లటి అంచు, సోడా మూతంత ఉంటుంది. పూర్వం నాన్న ఫిల్ములో బొమ్మలు చూసుకునేవాడట. ఇప్పుడు అది చెల్లెలు పావనిది. గీతలు పడకుండా ఆ గుడ్డలోనే, ఆ జేబులోనే దాచుకుంటుంది. ఆ సంగతి తారక్‌కి బాగా తెలుసు.

పావని పెరట్లో ఉంది. పిలిస్తే పలుకుతుంది.

తారక్ పిలవలేదు. నూకరాజు చెయ్యి చాపి ఉన్నాడు. బైనాక్యులర్స్ అప్పటికే తన మెడలో ఉంది. కొసరు లేదంటే పరువేం కావాలి? అయినా ఓ ఆడుకునే గాజుబిళ్ళ! అదీ ఓ వస్తువేనా?

“తీసుకో. మా కొట్లో కొసరు లేకుండా పంపం” అన్నాడు.

“మారాజువి” అన్నాడు నూకరాజు. కెమెరా సంచిని గోనెలో పడేశాడు. అద్దాన్ని మాత్రం చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

తారక్ డాబా మీదికి ఒక్క ఉరుకు ఉరికాడు. బైనాక్యులర్స్ కళ్ళకి పెట్టుకున్నాడు.

అబ్బ! ఎక్కడో ఉన్న కొండ ముక్కు ముందుకి వచ్చేసింది. నీళ్ళ ట్యాంకు మీద కాకి రెక్కలో ఈక లేకపోవడం కూడా కనిపించింది. స్టేషన్లో రైలు ఆగి ఉంది. తారక్ గొంతు చించుకుని దాని పేరు చదివాడు. “గోదావరి ఎక్స్‌ప్రెస్!”

“అన్నయ్యా, కెమెరా సంచి ఏది?”

వెనక పావని నిలబడి ఉంది. మూడో తరగతి. చేతిలో ప్లాస్టిక్ డబ్బా, డబ్బాలో బెల్లం ముక్క, దాని నిండా చీమలు.

తారక్ బైనాక్యులర్స్ దించాడు. “అమ్మేసేను. నాన్న ఇచ్చెయ్యమన్నారు.”

“సంచి ఇచ్చేస్తే ఇచ్చేసేవులే. నా అద్దమేది? రేపు సైన్స్ ఫెయిరు కదా. అమ్మ ఫోనుకి అద్దం కట్టి, స్మార్ట్ బోర్డు మీద చీమని చూపించమని ఉషశ్రీ మేడం చెప్పేరు. అందరికంటే ముందు నాదే.”

తారక్ చీమల డబ్బా వైపు చూశాడు. “అది… కొసరేసేసేను.”

పావని అరిచింది. “నా అద్దమా? కొసరా?”

ఆ అరుపుకి కింద గురక ఆగిపోయింది. తాతయ్య మెట్లెక్కి పైకి వచ్చాడు. సంగతి విన్నాడు. తిట్టలేదు. ఒకే మాట అడిగాడు.

“ఆ కొసరు ఎవరిదిరా?”

తారక్ మెట్ల వైపు పరిగెత్తాడు. సైకిలు తీశాడు. “ఎక్కు! నూకరాజు నర్సీపట్నం బస్సు ఎక్కేలోపే పట్టుకుందాం!”

పావని డబ్బాతో సహా వెనక ఎక్కింది. సైకిలు బాణంలా దూసుకుపోయింది. సందు మలుపులో ఆవు అడ్డం. ట్రింగ్ ట్రింగ్! మెయిన్ రోడ్డు ఎక్కేసరికి చెరకు ట్రాక్టరు అడ్డం. దాని వెనక ఆటోలన్నీ హారన్లు కొడుతున్నాయి. తారక్ సైకిల్ని రోడ్డు అంచుకి దింపి, ట్రాక్టరు పక్క సందులోంచి పోనిచ్చాడు. చెరకాకులు చెవులు గీరేశాయి.

“తొక్కు అన్నయ్యా, తొక్కు!”

“తొక్కుతున్నాను! గట్టిగా పట్టుకో!”

స్పీడ్ బ్రేకరు మీద సైకిలు ఎగిరిపడింది. డబ్బా మూత ఊడింది. పావని గౌను నిండా చీమలే.

ఆర్టీసీ కాంప్లెక్స్ గేటు దగ్గర తారక్ బైనాక్యులర్స్ కళ్ళకి పెట్టుకున్నాడు. జనం, సంచులు, బస్సులు. ఓ కిటికీలో ఆకుపచ్చ తువ్వాలు!

“అదిగో! నర్సీపట్నం బస్సు!”

డ్రైవరు ఇంజను స్టార్ట్ చేసేశాడు. ఇద్దరూ కిటికీ కిందికి పరిగెత్తారు.

“నూకరాజు మామా! ఆ అద్దం ఇచ్చెయ్. అది నాది కాదు, మా చెల్లిది. కావాలంటే ఈ బైనాక్యులర్స్ తీసేసుకో. కెమెరా కూడా ఉంచేసుకో!”

నూకరాజు తల బయటికి పెట్టి చూశాడు. నవ్వాడు. “కెమెరా నాకెందుకు బాబూ? ఇనప సామానోడు కూడా తీసుకోడు. సంచి పట్టుకోగానే పక్కజేబులో సేతికి తగిలింది. ఆ అద్దం కోసమే నీ కెమెరా కొన్నాను.”

తారక్ కిటికీ ఊచ పట్టుకున్నాడు.

“నువ్వు దుర్భిణీని సూడకుండా రేడియోని సూసేవు. నేను అద్దాన్ని సూడకుండా కెమెరాని సూసేను. నువ్వు నేర్సిన ఇద్దే నాదీని.”

“అయితే ఏం కావాలో చెప్పు, ఇస్తాను!”

“నర్సీపట్నంలో వాచీలు బాగుసేసే ఆయనకి ఈ అద్దం తెత్తానని పోన్లో మాటిచ్చేసేను. తేకపోతే రేపట్నుంచి నా మొకం సూడడు. తెగిన బేరం అతుకుద్దేమో మీ తాతగార్ని అడుగు.”

అడగక్కర్లేదు. అతకదు. అది తారక్‌కి తెలుసు.

బస్సు కదిలింది. తారక్ గేటు దాకా దాని పక్కనే పరిగెత్తాడు. తర్వాత దుమ్ము మిగిలింది.

ఇంటికి వెళ్తుంటే పావని సైకిలెక్కలేదు. నడిచింది. తారక్ పక్కనే సైకిలు తోసుకుంటూ నడిచాడు.

“చీమలు కుడుతున్నాయా?”

“కుట్టనీ.”



ఇంట్లో నాన్న బీరువా ముందు నిలబడి ఉన్నాడు. బీరువా మీద దుమ్ము లేని చోటు నలుచదరంగా కనిపిస్తోంది. మధ్యాహ్నం దాకా సంచి ఉన్న చోటు.

“బెల్టు కూడా ఇచ్చేసేవేట్రా?”

“అదీ పోయింది నాన్నా.”

“పెళ్ళయిన కొత్తలో మీ అమ్మ కొనిచ్చింది అది. ముందు తీసి దాచుకోవాల్సింది.” నాన్న కాసేపు ఆ చోటునే చూశాడు. “సర్లే. ఇచ్చెయ్యమన్నది నేనే.” మళ్ళీ పేపరు పట్టుకుని కూర్చున్నాడు. పేజీ మాత్రం తిప్పలేదు.

పావని చార్టు పరుచుకుని స్కెచ్ పెన్నుతో చీమ బొమ్మ గీయడం మొదలుపెట్టింది. చీమ బొమ్మలు ఎవరైనా గీస్తారు. అందరికంటే ముందు చూపించేంత గొప్ప ఏముంది అందులో? గీస్తున్న పావనికీ అది తెలుసు. అందుకే పెన్ను అంత గట్టిగా నొక్కుతోంది.

తారక్ డాబా ఎక్కాడు. బైనాక్యులర్స్ మెడలోంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చూడబుద్ధి కాలేదు. ఊరికే తిరగేశాడు. తలకిందులు చేసి పెద్ద అద్దం వైపు నుంచి లోపలికి చూశాడు. కంటికి పెట్టుకునే చిన్న అద్దం కింద వాడి బొటనవేలు పడింది.

తారక్ ఉలిక్కిపడ్డాడు.

గోరు మీద గీతలు దుక్కి దున్నిన చేనులా ఉన్నాయి! గోటి సందులో మట్టి, రాళ్ళ కుప్పంత ఉంది!

ఇదీ భూతద్దమే!

కాని ఇంత పెద్ద గొట్టాన్ని ఫోనుకి కట్టలేరు. ఆ చిన్న అద్దాన్ని ఊడదియ్యాలి. ఊడదీస్తే మళ్ళీ బిగించడం వాడి వల్ల కాదు.

అప్పుడే స్టేషన్లోకి ఇంకో రైలు వచ్చింది. తారక్ బైనాక్యులర్స్ రెండు కళ్ళకీ పెట్టుకుని దాని పేరు చదివాడు. ఈసారి అరవలేదు. రైలు వెళ్ళిపోయేదాకా చూశాడు.

తర్వాత కిందికి వెళ్ళి స్క్రూడ్రైవరు తెచ్చుకున్నాడు.

మొదటి స్క్రూ తేలిగ్గా వచ్చింది. రెండోది మొండికేసింది. వేలు గీరుకుంది. అంచు పగిలింది. చివరికి టప్‌మని అద్దం అరచేతిలో పడింది.

“ఇదిగో” అన్నాడు పావని ముందు పెట్టి.

“ఏటిది?”

“నీ అద్దం బదులు.”

పావని బైనాక్యులర్స్ వైపు చూసింది. ఒక కన్ను బోసిగా ఉంది. “ఈసారి ఎవర్ని అడిగి ఇస్తున్నావు?”

“ఇది నాదే. ఎవర్నీ అడగక్కర్లేదు.”

పావని లేచి అమ్మ ఫోను తెచ్చింది. రబ్బరు బ్యాండు తెచ్చింది. తారక్ అద్దాన్ని ఫోను కెమెరా మీద పట్టుకున్నాడు, ఆమె బ్యాండు చుట్టింది. డబ్బాలో మిగిలిన చీమల మీద వంగారు. ముందు అంతా మసక. కొంచెం పైకి. ఇంకొంచెం కిందికి.

“ఆగు! ఆగు! కదలకు!”

ఫోను నిండా చీమ! మీసాలు ఊపుతోంది. కాళ్ళ మీద నూగు కూడా కనిపిస్తోంది. పావని కేకకి ఇంట్లో వాళ్ళందరూ పరిగెత్తుకొచ్చారు. తాతయ్య కళ్ళజోడు సవరించుకుని మరీ చూశాడు.

“అయినా నా అద్దమే బాగుంటుంది” అంది పావని.

“అవును” అన్నాడు తారక్.

మర్నాడు బడిలో స్మార్ట్ బోర్డు గది కిక్కిరిసిపోయింది. పావని చీమల డబ్బా మూత తీసి పైన ఫోను పెట్టింది. బోర్డు మీదికి గేదె అంత చీమ నడిచి వచ్చింది. ముందు వరస పిల్లలు కెవ్వుమని వెనక్కి జరిగారు. ఉషశ్రీ మేడం కూడా ఓ అడుగు వెనక్కి వేసింది. తర్వాత తనే గట్టిగా నవ్వింది.

“మళ్ళీ! మళ్ళీ!” గదంతా ఒకటే గోల.

వెనక నిలబడ్డ తారక్‌ని స్నేహితుడు నితీష్ మోచేత్తో పొడిచాడు. “నీ బైనాక్యులర్స్ ఏదిరా? తెస్తానన్నావుగా!”

తారక్ బ్యాగులోంచి తీసిచ్చాడు. నితీష్ కళ్ళకి పెట్టుకుని, తీసి, తిప్పి చూశాడు.

“ఒరేయ్, ఒంటికన్నుదేట్రా ఇది! రెండో కన్నేది?”

బోర్డు మీద చీమ తనకంటే పెద్ద బెల్లం పలుకుని నోట కరుచుకుని పైకెత్తుతోంది. తారక్ దాని మీంచి చూపు తిప్పలేదు.

“కొసరేసేనురా” అన్నాడు.