నమజు హాల్లో మాయమైన రీలు

ఆదివారం మధ్యాహ్నం కయానో తలుపైనా తట్టకుండా డిటెక్టివ్ ఇనుబుషి ఆఫీసులోకి దూసుకొచ్చింది. ముప్పయ్యేళ్ల మనిషి స్వెట్టరు తిరగేసి తొడుక్కుంది, ఆ సంగతి ఆమెకే తెలియదు.

"పోయిందండీ! రీలు పోయింది! నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు!"

అసిస్టెంటు మియోషి అప్పుడే ఆక్టోపస్ ముక్క పెట్టి కాల్చిన వేడి వేడి తకోయాకి పిండి ఉండ ఒకటి నోట్లో వేసుకున్నాడు. ఒసాకాలో పుట్టి పెరిగినా, లోపలి పిండి ఎంత కాలుతుందో మరిచిపోయి నోరు కాల్చుకోవడం అతనికి మామూలే. కళ్లవెంట నీళ్లు కారుతుండగానే ఆమెకు కుర్చీ లాగి వేశాడు.

"కూర్చో తల్లీ. మియోషీ, నువ్వు ముందు మింగు," అంది ఇనుబుషి.

ఇనుబుషికి యాభై దాటాయి. ఇన్సూరెన్సు కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుని పట్టుకుని విసుగెత్తి సొంతంగా బోర్డు పెట్టుకుంది. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుందంటే ఏదో తట్టినట్టేనని మియోషి గట్టి నమ్మకం. సగం సార్లు ఆ అద్దాలకు నిజంగానే మురికి ఉండేదనుకోండి, అది వేరే విషయం.

కయానో ఊపిరి పీల్చుకుని చెప్పింది. గుండీల దుకాణాల సందులో, మేడ మీద, ఆమె నడిపే చిన్న సినిమా హాలు పేరు నమజు. నమజు అంటే వాలుగ చేప, తలుపు మీద దాని బొమ్మ పెద్దది ఉంటుంది. నలభై మంది వచ్చి నేల మీద మెత్తలు వేసుకుని కూర్చుంటే ఒకరి మోకాలు ఒకరికి తగిలే హాలు అది. ఈ శరదృతువులో అక్కడ వేరే ఎవ్వరూ వెయ్యని సినిమాలు వేస్తోంది. గీతలూ మరకలూ తప్ప ఏమీ కనిపించని ప్రయోగాలు, సమ్మెల మీదా ఉద్యమాల మీదా తీసినవి. చూసేవాళ్ల కంటే చూశాక పోట్లాడుకునేవాళ్లే ఎక్కువ. ఆ వరుసలో ఆఖరిది ఇవాళ సాయంత్రం ఆరింటికి వెయ్యాలి.

"ఉరానో తోమె గారు తీసిందండీ. యాభై ఏళ్ల కిందట వాళ్ల ఊరి సముద్రాన్ని పూడ్చి ఫ్యాక్టరీ కడతామన్నారు. చేపలు పట్టే ఇళ్ల ఆడవాళ్లంతా లారీలకి అడ్డంగా కూర్చున్నారు. ఈవిడ ఎవరి దగ్గరో కెమెరా అరువు తెచ్చి అదంతా తీసింది. మాటా పాటా లేని సినిమా. ఉన్నది ఒక్కటే కాపీ, అసలు నెగెటివు అప్పుడే కాలిపోయింది. ఇన్నేళ్లూ ఎవరికీ ఇవ్వలేదు. పోయిన వారం నా చేతుల్లో పెట్టి, 'అమ్మాయీ, మా ఊరు ఇప్పుడు ఇందులోనే ఉంది, జాగ్రత్త' అంది. ఐదింటికి రైలు దిగుతుంది. ఏ మొహం పెట్టుకుని ఎదురెళ్లనండీ?"

"పోలీసులకి చెప్పావా?"

"ఆ సినిమా నిండా పోలీసులు ఆడవాళ్లని ఈడ్చిపారెయ్యడమే. వెళ్లి, బాబ్బాబు, కాస్త అదే సినిమా వెతికిపెట్టండి అని అడగమంటారా?"

ఇనుబుషి పైకే నవ్వేసి కోటు అందుకుంది.

నమజు గుమ్మంలో ఇనుబుషీ, మియోషీ బూట్లు విప్పగానే అరవయ్యేళ్ల పెద్దమనిషి ఒకాయన వంగి, ఆ రెండు జతలనూ ముందువైపు బయటికి ఉండేలా తిప్పి పెట్టాడు. పేరు అజిరో. బ్యాంకు ఉద్యోగం నుంచి దిగిపోయాక ఇక్కడే టికెట్లు చింపుతూ, నోటీసులు అంటిస్తూ, వచ్చినవాళ్లకు బార్లీ టీ పోస్తూ కాలక్షేపం చేస్తున్నాడు. పైసా తీసుకోడు. రాత్రి నిద్ర లేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పాపం, ఈ గొడవతో ఆయనకి నిద్ర కూడా పట్టలేదు," అన్నాడు మియోషి నెమ్మదిగా.

"గొడవ బయటపడింది ఇవాళ పొద్దున కదయ్యా," అంది ఇనుబుషి అంతకంటే నెమ్మదిగా.

గోడ మీద సాయంత్రం సినిమా పోస్టరు ఉంది. నేల మీద కూర్చున్న ఆడవాళ్లు, వాళ్లకు ఎదురుగా హెల్మెట్ల పోలీసుల వరస. సరిగ్గా మధ్యలో 'దయచేసి ఫోన్లు ఆపెయ్యండి' అన్న కాగితం గుచ్చి ఉంది. గోడంతా ఖాళీగానే ఉంది మరి. ఇనుబుషి కాగితం కొస పైకెత్తి చూసింది. కింద హెల్మెటు వెనక్కి జారిన పోలీసు ఒకడు, నోరు తెరిచి అరుస్తున్నాడు. మొహం స్పష్టంగా తెలుస్తోంది. ఆవిడ కాగితం మళ్లీ కిందికి వదిలేసి ముందుకు నడిచింది.

ప్రొజెక్టర్ గది హాలు వెనక సన్నటి నడవా చివర ఉంది. ఆ నడవాలో ఉన్న ఇంకొక తలుపు బాత్రూముది, అక్కడ మాత్రమే వేసుకోవాల్సిన చెప్పుల జత ఒకటి దాని గుమ్మంలో ఉంది. గదిలో దోమోతో అనే ఆపరేటరు చేతులు కట్టుకుని, ఎవరు పలకరిస్తారా కరుద్దామా అన్నట్టు కూర్చున్నాడు.

"నా మీదే కదా అనుమానం? అనండి, పైకే అనండి. తాళం నా దగ్గరుంటుంది. 'ఈ ఎండిపోయిన ఫిల్ము నా మెషీన్లో తెగితే నాది పూచీ కాదు' అన్నది కూడా నేనే. కాబట్టి దొంగని నేనే!"

"నేనలా అనలేదండీ," అంది కయానో.

"అనలేదు. పొద్దుట్నుంచీ చూపుల్తో చంపుతున్నావ్."

"రీలు ఆఖరిసారి ఎప్పుడు చూశారు?" అని అడిగింది ఇనుబుషి.

"నిన్న ఆటకి ముందు. డబ్బా తెరిచి చూసి ఆ అలమార్లో పెట్టా. ఇంటర్వెల్లో కిందికెళ్లి సిగరెట్టు కాల్చుకొచ్చా. తాళం వెయ్యలేదు, ఆ తప్పు నాదే. రాత్రి వేసుకునే వెళ్లా. ఇవాళ పొద్దున్నే వచ్చి మూత తీస్తే డబ్బా ఖాళీ. అప్పట్నుంచి ఈ గది కదిలితే ఒట్టు."

"సిగరెట్టు కాల్చుకుని వచ్చాక వింతగా ఏమైనా కనిపించిందా?"

దోమోతో మొహం చిట్లించాడు. "ఎవడో తెలివితక్కువ వెధవ బాత్రూం చెప్పులు తెచ్చి నా గుమ్మం ముందు విడిచాడు. ఛీ! కాలితో తన్ని మళ్లీ అక్కడే పడేశా."

"ఎలా ఉన్నాయవి? అటొకటి ఇటొకటా?"

"లేదు. జతగా, ముందువైపు నడవాలోకి తిరిగి ఉన్నాయి. అదేదో ఘనకార్యమైనట్టు!"

ఇనుబుషి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. మియోషి గుండె ఝల్లుమంది.

హాల్లో హషిగుచి అనే ఆయన ఎదురు చూస్తున్నాడు. పాత ఫిల్ములు సేకరించి భద్రపరచడమే ఆయనకు లోకం. తోమె గారి రీలు తనకిమ్మని మూడేళ్లుగా ఆవిడ వెంటపడుతున్నాడు. మియోషికి ఆయన్ని చూడగానే దొంగ దొరికేశాడనిపించింది.

"నిన్న ఇంటర్వెల్లో మీరెక్కడున్నారు?" అని తనే గద్దించి అడిగాడు.

"బాత్రూం ముందు వెర్రిమొహం వేసుకుని నిలబడ్డానయ్యా! లోపల ఎవరూ లేరు, చెప్పులూ లేవు. సాక్సులతో ఎలా వెళ్లను? ఆపుకుని వచ్చేశాను. ఆ తొందరలోనే టీ కూడా మెత్త మీద ఒలకబోసుకున్నాను. అజిరో గారు దేవుడిలాంటి మనిషి, ఏమీ అనుకోకుండా గలీబులన్నీ ఊడదీసి, ఉతికి తెస్తానని మూట కట్టుకుని తీసుకెళ్లారు."

మియోషి నిరుత్సాహంగా పక్కనున్న మెత్త మీద కూలబడ్డాడు. కూర్చునే ముందు దాని మీద అరచేతంత గోధుమరంగు మరక ఉందని చూసుకుని, మరకను తప్పించుకుని కూర్చున్నాడు. ఇనుబుషి అతన్నీ, ఆ మెత్తనీ కాసేపు ప్రేమగా చూసింది.

"అందర్నీ ఇక్కడికి రమ్మను," అంది.

నలుగురూ వచ్చి కూర్చున్నారు. అజిరో అందరికీ టీ పోశాడు.

"ఇంటర్వెల్లో ఒక మనిషి బాత్రూంకి వెళ్తున్నట్టు నడవాలోకి వెళ్లాడు," అని మొదలుపెట్టింది ఇనుబుషి. "ఎవరైనా చూస్తారని ఆ చెప్పులు వేసుకున్నాడు కూడా. వాటితోనే ప్రొజెక్టర్ గది దాకా వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. ఎందుకు? బాత్రూం చెప్పులతో ఆ గదిలో అడుగు పెట్టడానికి మనసొప్పలేదు. దొంగతనానికి వచ్చాడు కానీ, గదిని మైల చెయ్యలేకపోయాడు! గుమ్మం ముందు విప్పి, అలవాటు కొద్దీ చక్కగా తిప్పి పెట్టి లోపలికి వెళ్లాడు. పని అయ్యాక కంగారులో సాక్సులతోనే పరుగెత్తాడు."

"దోమోతో కాదన్నమాట," అన్నాడు హషిగుచి.

"దోమోతో గారికి బాత్రూం వంక దేనికి? గది ఆయనది, తాళం ఆయనది. మీరూ కాదు. ఫిల్మంటే ప్రాణమిచ్చే మనిషి డబ్బా వదిలేసి, వట్టి రీలు దుమ్ములో పట్టుకెళ్తాడా?"

"చచ్చినా పట్టుకెళ్లను!" అన్నాడు హషిగుచి. ఆ ఆలోచనకే ఒళ్లు జలదరించింది ఆయనకు.

"డబ్బాతో సహా అయితే చప్పుడవుతుంది. వట్టి రీలైతే బట్టల మూటలో ఇమిడిపోతుంది. మియోషీ, కాస్త లేవవయ్యా. దేని మీద కూర్చున్నావో చూడు. నిన్న టీ ఒలికిన గలీబు. ఉతకడానికి వెళ్లి, ఉతక్కుండానే తిరిగొచ్చింది. రాత్రంతా ఆ ఇంట్లో ఇంకేదో పని జరిగింది."

మియోషి తన వెనక మరకను చూసుకుని సిగ్గుపడ్డాడు. దొంగను పట్టించే సాక్ష్యం మీద తీరిగ్గా కూర్చున్నందుకు తనను తనే తిట్టుకున్నాడు.

"ఇక ఎందుకన్నది మిగిలింది. పోస్టరు మీద ఒక్క పోలీసు మొహాన్నే నోటీసు కప్పుతోంది. అజిరో గారూ, గుమ్మంలో మా బూట్లు తిప్పి పెట్టిందీ మీరే, నోటీసులు అంటించేదీ మీరే. ఆయన మీకు ఏమవుతారు?"

అజిరో టీ కూజాను నేల మీద పెట్టాడు. "మా నాన్నండీ."

"అజిరో గారూ!" అంది కయానో. కోపమో ఏడుపో తెలియని గొంతు అది.

"'నేను ఎవరి మీదా చెయ్యి వెయ్యలేదురా, వెనకాల అన్నం వండించేవాణ్ణి' అని చెప్పేవాడు నాన్న. చనిపోయేదాకా అదే చెప్పాడు. పోస్టరు చూడగానే ప్రాణం పోయినట్టయింది. చూసి, ఆ ముక్క ఉంటే కత్తిరించేసి, మిగతాది గుట్టుగా పెట్టేద్దామనుకున్నా. రాత్రంతా వంటింటి దీపం దగ్గర పెట్టి బొమ్మ బొమ్మా చూశా. ఉన్నాడు. ఒక పిల్లని జుట్టు పట్టుకుని ఈడుస్తున్నాడు. కత్తెర చేతిలోనే ఉంది."

"కత్తిరించావా?" అని దోమోతో లేచి నిలబడ్డాడు.

"ఎలా కత్తిరించనయ్యా? నాన్న ఉన్న ప్రతి బొమ్మలోనూ ఆ పిల్ల ఉంది. ఆయన్ని తీసేస్తే ఆమె కూడా పోతుంది." మొహం రెండు చేతులతో కప్పుకున్నాడు. "పొద్దున మళ్లీ పెట్టేద్దామని గలీబుల్లో చుట్టి తెచ్చా. ఈయన గది కదిలితేగా!"

మెత్తల దొంతరలో అడుగునున్నది లాగి, గలీబులోంచి రీలు తీసి కయానో ముందు పెట్టాడు. దోమోతో గబుక్కున అందుకుని, అంచుల వెంబడి వేలితో తడుముతూ చూశాడు. ఎక్కడా తెగలేదు.

"నన్ను దొంగనన్నారు," అన్నాడు, కళ్లు రీలు మీద నుంచి తిప్పకుండా. "ముందు నాకు క్షమాపణ చెప్పండి."

కయానో లేచి, నడుం వంచి చెప్పింది. అజిరో నేలకు నుదురు ఆన్చి చెప్పాడు. దోమోతో గొంతు సవరించుకుని, "సరే సరే, లెండి, మెషీను వేడెక్కించాలి," అంటూ లోపలికి వెళ్లిపోయాడు.

ఉరానో తోమె ఐదున్నరకు వచ్చింది. ఎనభై దాటిన మనిషి, చిన్న ఆకారం, ఒక చేయి కర్ర మీద, ఇంకో చేయి కయానో భుజం మీద. దారిలోనే కయానో అంతా చెప్పేసింది. దాచడం ఆమె వల్ల కాలేదు. గుమ్మంలో అజిరో మోకాళ్ల మీద ఉన్నాడు.

"నన్ను పోలీసులకి అప్పగించినా సరే, ఏం చేసినా సరేనమ్మా. ఈ హాలు గడప మళ్లీ తొక్కను."

"తొక్కకపోతే ఎలా? నాకు పనుంది నీతో," అందావిడ. "నా చూపు పోయి రెండేళ్లయింది నాయనా. వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతే. సినిమాలో చూస్తే మాట లేదు. ఎవరో ఒకరు పక్కన కూర్చుని తెర మీద ఏముందో చెప్పాలి. ఈ అమ్మాయేమో ఏడుస్తుంది. నువ్వైతే ప్రతి బొమ్మా చూశావట కదా."

"నేనా అమ్మా? నా నోటితోనా?"

"నీ నోటితోనే. ఏదీ దాటెయ్యకూడదు. నువ్వు చూసిన ఆ పిల్ల పేరు కిను. మా పక్కింటి పిల్ల. ఆ చలికాలమే జబ్బు చేసి పోయింది. ఫోటోలు తీయించుకునే స్తోమత లేని ఇల్లు వాళ్లది. ఇందులో తప్ప ఇంకెక్కడా లేదు. కత్తిరించకుండా వదిలావు చూడు, అందుకని అడుగుతున్నా."

హాలు నిండింది. నిలబడ్డవాళ్లు కూడా ఉన్నారు. లైట్లు ఆరిపోయాయి, దోమోతో మెషీను టిక్కుటిక్కున మొదలైంది. తెర మీద బూడిదరంగు సముద్రం. ముందు వరసలో అజిరో గొంతు పీలగా వినిపించింది.

"పడవలున్నాయమ్మా. ఒక దాని మీద వల ఆరేశారు. ఒక ముసలావిడ పొగాకు వెలిగించుకుంటోంది."

"మా మేనత్త," అంది తోమె.

ఎవరో నవ్వారు. ఆ మాటలన్నీ నలభై పైచిలుకు మందీ చెవులు రిక్కించి వింటున్నారని మియోషికి అర్థమైంది. కేసు తేలిపోయాక ఇనుబుషి మేడమ్ ఎప్పుడూ సినిమాకో భోజనానికో ఆగదు. ఇవాళ ఆగింది. అద్దాలు తడిసినా పెట్టుకునే ఉంది, తుడుచుకోవడం మాత్రం మరిచిపోయింది.

లారీలు వచ్చాయి. ఆడవాళ్లు కూర్చున్నారు. హెల్మెట్లు వచ్చాయి. అజిరో గొంతు ఆగిపోయింది.

"ఊఁ, తర్వాత?" అంది తోమె.

"మా నాన్న వస్తున్నాడమ్మా."

"ఏం చేస్తున్నాడు?"

"కిను జుట్టు పట్టుకున్నాడు. లాగుతున్నాడు. అరుస్తున్నాడు." కళ్లు తెర మీదే ఉన్నాయి. "ఇంకా లాగుతున్నాడు."

"మరి కిను?"

అజిరో తెర వైపు ముందుకు వంగాడు. వంటింటి దీపం ముందు అంగుళమంత బొమ్మల్లో తెలియనిది ఇప్పుడు గోడంత ఎత్తున కదులుతోంది.

"రెండు చేతులా లారీ కడ్డీని పట్టుకుందమ్మా," అన్నాడు. గొంతు హాలంతా వినిపించేలా పెరిగింది. "వదల్లేదు. ఇంకా వదల్లేదు."