ఆరు రేవులు

"మూడూ యాభైలోపు ఆయన్ని ఇక్కడికి తీసుకురావాలి. ఎదురు తిరిగితే కాల్చెయ్యి."

తెనాలి బోస్ రోడ్డులో శుభలేఖలు అచ్చేసే ప్రెస్సు మేడ మీద ఉంది డిపార్టుమెంటు కంట్రోల్ రూమ్. మాట్లాడుతున్నది చీఫ్ విష్ణువర్ధన్. వింటున్నది ఏజెంట్ రెహమాన్. తీసుకురావలసిన మనిషి ప్రొఫెసర్ రాజారత్నం. వయసు డెబ్బై రెండు, నివాసం బాపట్ల, ప్రాబబిలిటీ థియరీలో దేశం గర్వించిన పండితుడు. రెహమాన్‌కి బీఎస్సీలో లెక్కలు చెప్పిన గురువు కూడా ఆయనే.

కేసు క్లుప్తంగా ఇదీ. సముద్రం మీద నుంచి వచ్చే మన ఏజెంట్లు రేపల్లె దిగువన ఉన్న ఆరు రేవుల్లో ఏదో ఒకదానిలో దిగుతారు. ఏ రేవో వచ్చేవాళ్ళకి కూడా ముందు తెలియదు. కంట్రోల్‌లో పెట్టెలోంచి చీటీ తీసి, ఆ అంకెను సరిగ్గా 3.50కి రేడియోలో చదువుతారు. చీటీ మళ్ళీ పెట్టెలోకి పోతుంది. నిమిషం దాటితే రేడియో బంద్. ఎవరూ ఊహించలేని ఈ పద్ధతి రాజారత్నం రిటైరయ్యే ముందు డిపార్టుమెంటుకి ఇచ్చి వెళ్ళింది. మొదటి మూడు ట్రిప్పులూ సాఫీగా జరిగాయి. నాలుగో ట్రిప్పులో విదేశీ ముఠా రేవు దగ్గరే కాపుకాసి జాన్సన్‌ని చంపింది. పోయిన నెల ఐదో ట్రిప్పులో సుందరయ్యని చంపింది.

"ఇవాళ కరుణశ్రీ వస్తోంది," అన్నాడు చీఫ్. "ముఠా పేర్లన్నీ ఆమె దగ్గరే ఉన్నాయి. చేతికి బుల్లెట్ తగిలింది. బోటులో డీజిల్ అడుగంటింది, వెనక్కి తిప్పలేం. నేను అంబులెన్స్‌తో రేపల్లెలో ఉంటాను. నా ఫోన్ ఆఫ్. ఏదైనా కంట్రోల్ ద్వారానే."

"ఇక్కణ్ణుంచే మాట బయటికి పోయిందేమో సార్."

"రెండు నెలలుగా ప్రతి ఫోనూ వింటున్నాం. ఒక్క ముక్క పోలేదండి," అంది హెలెన్.

రహస్య సంకేతాలు చూసే సైఫర్ ఆఫీసర్ హెలెన్ గది దాటి వెళ్ళాక కూడా ఆమె సెంటు వాసన గదిలో ఉండిపోతుంది. డిపార్టుమెంటులో సగంమంది ఆ వాసన కోసమే టైముకి ఆఫీసుకొస్తారు. చీటీలు తీసేదీ, చదివేదీ ఆమే. ఆమె కూడా రాజారత్నం శిష్యురాలే.

"పద్ధతి పూర్తిగా తెలిసింది ఆయనకొక్కరికే. నమ్మలేకపోతున్నాను," అని కళ్ళు తుడుచుకుంది. కాటుక మాత్రం చెదరలేదు.

మధ్యాహ్నం రెండింటికి బాపట్లలో రాజారత్నం ఇంటి గేటు తీశాడు గ్యాస్ స్టవ్‌ల మెకానిక్. ఖాకీ చొక్కా, అతికించిన మీసం, భుజాన సంచి, సంచిలో పిస్టల్.

"గేటు ఎడంచేత్తో తీశావు. రెహమాను కదూ, రా," అన్నాడు వరండాలోంచి ప్రొఫెసర్.

రెహమాన్ మీసం పీకేసి ఫైలు ఆయన ముందు పెట్టాడు. ఇద్దరి చావు సంగతీ చెప్పాడు.

"నేను అమ్మలేదు," అన్నాడు ప్రొఫెసర్. "కానీ నేనిచ్చిన పద్ధతే ఇద్దర్ని చంపింది. అదృష్టాన్ని ఎవడూ ముందుగా పసిగట్టలేడని నలభై ఏళ్ళు పాఠం చెప్పాను. ఎవడో పసిగట్టాడు. అంటే బతుకంతా అబద్ధం చెప్పానన్నమాట. పద, బేడీలు వేస్తావా?"

ఆ ముడతలు పడ్డ చేతులు చూసి రెహమాన్‌కి ఏడుపొచ్చింది. బేడీలు తీయలేదు.

ఇద్దరూ లేవగానే ప్రొఫెసర్ భార్య అచ్చమ్మ చిన్న పెట్టె పట్టుకుని గుమ్మానికి అడ్డం నిలబడింది. అందులో వాగ్దానం కార్డులు, ఒక్కోదాని మీద ఒక్కో బైబిల్ వాక్యం. చర్చిలో కొత్త సంవత్సరానికి తీస్తారు. ఈ ఇంట్లో మాత్రం ఎవరు గడప దాటాలన్నా ఒకటి తీయాల్సిందే. రెహమాన్ కాలేజీ రోజుల నుంచీ తీస్తూనే ఉన్నాడు. ఇప్పుడూ తీశాడు. ఓర్చుకోమని చెప్పే కార్డు.

"పోయినసారీ ఇదే వచ్చిందమ్మా."

"వచ్చిందే వచ్చిందా? అయితే అది పెట్టేసి ఇంకోటి తియ్యి బాబూ."

ఒక కాలికి చెప్పు తొడుక్కున్న ప్రొఫెసర్ అలాగే ఆగిపోయాడు. వెనక్కి వచ్చి ఫైల్లో వాడిన రేవుల అంకెలు వెతికాడు. రెండు, ఆరు, ఒకటి, మూడు, ఐదు.

"ఒక్కటీ రెండోసారి రాలేదు," అన్నాడు. "ఐదు తీస్తే ఐదూ వేరువేరుగా పడటానికి ఛాన్సు వందకి తొమ్మిది. అసాధ్యమేం కాదు. కానీ పక్కన రెండు శవాలున్నాయి. అదృష్టానికి జ్ఞాపకం ఉండదు రెహమానూ, వచ్చిందే మళ్ళీ వస్తుంది. ఎవరో వచ్చిన చీటీని పెట్టేసి ఇంకోటి తీస్తున్నారు, మా అచ్చమ్మలాగా."

"దానివల్ల ముఠాకేంటి సార్?"

"ఒకసారి వాడిన రేవు మళ్ళీ రాదని మొదట్లో ఒక్క మాట చెప్తే చాలు. ఆ తర్వాత ఏ ఫోనూ అక్కర్లేదు, ఏ రేవు వాడామో దూరం నుంచి వాళ్ళే చూసుకుంటారు. నాలుగోసారికి మిగిలినవి మూడే రేవులు. ఐదోసారికి రెండు. ఇవాళ్టికి నాలుగో రేవు ఒక్కటే."

రెహమాన్ కంట్రోల్‌కి ఫోన్ చేశాడు.

"కంట్రోల్," అంది హెలెన్ తీయటి గొంతు.

"ఆయన ఇంకా దొరకలేదండి," అని పెట్టేశాడు. అచ్చమ్మని తలుపు గడియ పెట్టుకోమని చెప్పి ప్రొఫెసర్‌ని జీపెక్కించాడు.

చుండూరు గేటు దగ్గర గూడ్సు అడ్డం పడింది. పద్నాలుగు నిమిషాలు. రెహమాన్ స్టీరింగ్‌ని పిడికిలితో కొడుతూనే ఉన్నాడు.

"ఈ పట్టాల అవతలే పుట్టాను," అన్నాడు ప్రొఫెసర్. "అమ్మా నాన్నా కూలికి పోయేవాళ్ళు. మిషన్ స్కూల్లో మాస్టారు బొమ్మాబొరుసూ వంద మాట్లు వేసి రాయమన్నారు. నేను వేయకుండా మనసుకి తోచింది రాసుకెళ్ళాను. చూడగానే పట్టేశారు. బొమ్మ వరసగా నాలుగు మాట్లయినా పడలేదేంట్రా అన్నారు. నా డాక్టరేటు దాని మీదే, మనిషి అదృష్టాన్ని ఎలా దిద్దుతాడూ అని. దాన్ని ఆసాంతం చదివింది ఇద్దరే. ఒకరు టైపు చేసినాయన. రెండోది హెలెన్."

గేటు లేచింది.

3.46కి రెహమాన్ కంట్రోల్ రూమ్ తలుపు తన్నాడు. మైకు ముందు కూర్చున్న హెలెన్ తిరిగి చూడకుండానే కాల్చింది. భుజంలో నిప్పు పడ్డట్టయింది అతనికి. మీద పడి పిస్టల్ లాక్కుని, ఆమె చేతిని కుర్చీకి కలిపి బేడీ వేసేసరికి 3.48. రెండో చేత్తో ఆమె అప్పటికే జాకెట్టుకున్న బ్రోచ్ నొక్కి, ముందే అనుకున్న సంకేతం పంపేసింది.

"నాలుగో రేవులో మావాళ్ళు ఉండనే ఉన్నారు," అంది ప్రశాంతంగా. "ఇప్పుడు రెండు స్పీడ్ బోట్లు ఇంకో రెండు రేవులకి బయల్దేరాయి. మీరేది ఎంచుకుంటారో నాకు తెలుసు సార్. మీ దగ్గర ఐదేళ్ళు చదువుకున్నాను."

"అందుకే నేను ఎంచుకోను," అన్నాడు రాజారత్నం. పెట్టెలోంచి నాలుగో చీటీ తీసి పారేశాడు. మిగిలినవి కుదిపి, కళ్ళు మూసుకుని ఒకటి తీశాడు.

ఐదు.

"ఐదు వద్దు సార్," అన్నాడు రెహమాన్. "అక్కడే సుందరయ్య పోయాడు. నా చేతులతో మోశాను. ఇంకోటి తీయండి. మీకు దణ్ణం పెడతాను."

"నాకూ తీయాలనే ఉంది నాయనా. ఆ అమ్మాయి నమ్ముకున్నది సరిగ్గా దాన్నే."

3.50. ఆయన మైకు దగ్గరికి వంగాడు.

"ఐదు," అన్నాడు. "ఐదు."

అవతల రేడియో ఆగిపోయింది. ఇక చేయగలిగింది ఏమీ లేదు. నెత్తురు కారుతున్న భుజాన్ని పట్టుకుని రెహమాన్ గోడ గడియారం కింద కూలబడ్డాడు. ప్రొఫెసర్ పెదవులు కదులుతున్నాయి, లెక్కో ప్రార్థనో తెలియలేదు. ఆయన హెలెన్ వైపు చూడలేకపోయాడు. చూసుంటే తెలిసేది, ఆమె కాటుక మొదటిసారి చెదిరింది.

4.17కి స్పీకర్ గరగరలాడింది.

"కరుణశ్రీ దిగింది," అంది చీఫ్ గొంతు. "ఐదో రేవులో పిట్ట కూడా లేదు. రెండు బోట్లు ఒకటో రేవులో, రెండో రేవులో కాపుకాస్తూ మనకి దొరికాయి. పేర్లన్నీ అందాయి. రెహమానూ, ప్రొఫెసర్‌గారు దొరికారా?"

"దొరికారండి," అన్నాడు రెహమాన్. ఆ తర్వాత ఏడ్చేశాడు.

పై ఆదివారం చేతికి కట్టుతో కరుణశ్రీ బాపట్ల వచ్చి, ప్రొఫెసర్‌కి నమస్కారం చేసి, అచ్చమ్మ పెట్టిన భోజనం తిని బయల్దేరింది. గుమ్మం దగ్గర పెట్టె ఎదురైంది. ఒక కార్డు తీసింది. చదివి మొహం చిట్లించింది. అటూ ఇటూ చూసి, గబుక్కున దాన్ని లోపల పడేసి ఇంకోటి తీసుకుంది.

ప్రాబబిలిటీ థియరీలో దేశం గర్వించిన పండితుడు ఆ సమయంలో కిటికీలోంచి రోడ్డు మీద పోయే ఆటోలు లెక్కపెట్టుకుంటున్నాడు.