నాలుగువందల పదిహేడో బిళ్ళ

సూర్యాపేట బజారులో తులసీరాం ఇల్లు, కుట్టు దుకాణం ఒకటే. ముందు గదిలో మిషన్, వెనక రెండు గదుల్లో సంసారం. ఆ ఆషాఢం ఉదయం వాన అప్పుడే వెలిసింది. తులసీరాం భార్య ఆండాలు పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు కాలుస్తోంది. అతని తమ్ముడు లక్ష్మయ్య అరుగు మీద కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతున్నాడు. దారం ఉండ చేజారి ముందు గదిలో అల్మారా వెనక్కి దొర్లింది. గదిలోకి వెళ్ళి, వంగని ఎడమకాలు చాపుకుని, గోడకు ఆనుకుని, అతను దాని వెనక చెయ్యి పెట్టాడు. చేతికి దారం తగల్లేదు. లాఠీ తగిలింది.

మూరెడు మేర ఇనుప పొన్ను వేసిన వెదురు లాఠీ అది. దాన్ని బయటికి లాగి చూసి లక్ష్మయ్య కదలకుండా కూర్చుండిపోయాడు. రెండేళ్ళ కిందట బజారులో నలుగురికి పత్రిక చదివి వినిపిస్తున్నాడని నిజాం పోలీసులు అతన్ని ఠాణాకు తీసుకుపోయారు. మూడోనాడు అన్న వెళ్ళి భుజాన వేసుకుని తెచ్చుకున్నాడు. మోకాలు అప్పటినుంచీ వంగలేదు.

తులసీరాంకు ఒక పిచ్చి ఉంది. పెద్ద యుద్ధం ముగిసి బర్మానుంచి తిరిగొచ్చిన సిపాయి ఒకడు కోటు బాగుచేయించుకుని, సంతోషంగా తన టోపీ బిళ్ళ ఇచ్చిపోయాడు. మంట లేస్తున్న గుండు బొమ్మ ఉందా బిళ్ళ మీద. అంత చిన్న ఇత్తడి ముక్కలో అంత పని ఎవరు చేశారా అని తులసీరాం వారం రోజులు దాన్నే చూశాడు. ఆ తర్వాత ఎక్కడ ఏది దొరికినా దాచాడు. అడ్డంగా పెట్టిన ఈటెల బొమ్మలు, భుజాల మీది పట్టీలు, అడవి జవాన్ల బిళ్ళలు, పోలీసు పటకాల కొక్కేలు. నల్ల మఖమల్ గుడ్డ మీద వరసగా గుచ్చి, చుట్టచుట్టి అటక మీద పెట్టేవాడు. వాటిని పరిచి చూసేటప్పుడు అతని ముఖం గుడిలో నిలబడ్డవాడి ముఖంలా ఉండేది.

అవన్నీ ఇంట్లోవాళ్ళకు తెలుసు. ఆండాలుకు ఎప్పుడూ భయమే. నిజాం మీదికి యూనియన్ సైన్యం వచ్చాక ఊళ్ళో సోదాలు జరుగుతున్నాయి. ఇవి ఎవరి కంట పడితే ఏమవుతుందో అని గొణిగేది. కానీ లాఠీ సంగతి ఎవరికీ తెలియదు.

తులసీరాం బావి దగ్గరనుంచి వచ్చేసరికి లాఠీ మిషన్ మీద అడ్డంగా ఉంది.

"గిది యాడిదన్నా?" అని అడిగాడు లక్ష్మయ్య.

తులసీరాం అబద్ధం చెప్పలేకపోయాడు. సైన్యం వచ్చిననాడు ఠాణా ఖాళీ అయితే జనంతోపాటు తనూ లోపలికి వెళ్ళానని, గోడకు ఆనించి ఉంటే తెచ్చానని చెప్పాడు.

"నన్ను కొట్టిందాన్ని తెచ్చి ఇంట్ల వెట్టుకున్నవా?"

"గదేనో కాదో నాకు తెల్వదు తమ్మీ. ఊరంతా దాన్ని సూసి వణికింది. ఇప్పుడు నా ఇంట్ల సప్పుడు జేయకుండ వడి ఉన్నది. దాన్ని సూస్తే నాకు ధైర్యమైతది."

"నీకు సప్పుడు జేస్తలేదు" అన్నాడు లక్ష్మయ్య. "నాకు పొద్దుమాపు ఇనవడ్తనే ఉన్నది."

అతను గొంతు పెంచలేదు. లోపలికి వెళ్ళి రెండు ధోవతులు, చొక్కా మూటకట్టుకున్నాడు. మిర్యాలగూడలో అక్క ఉంది, అక్కడే ఏదో పని చూసుకుంటానన్నాడు. ఆండాలు పిండి చేతులతోనే అడ్డం వచ్చి, మధ్యాహ్నం బస్సుకు ఇంకా టైముంది, రెండు రొట్టెలైనా తిని పొమ్మని బతిమాలింది. అన్నీ బావిలో పారేస్తానన్నాడు తులసీరాం. పారేస్తే మాత్రం, ఇన్నాళ్ళు దాచినమాట పోతుందా అని అడిగాడు తమ్ముడు.

లక్ష్మయ్య మూటతో గడప దాటేసరికి అరుగు కింద ఒక ముసలావిడ నిలబడి ఉంది. తడిసిన చీర, మెడలో నల్లదారానికి చిన్న సిలువ. పేరు సువార్తమ్మ అని, కోదాడ పక్క పల్లెనుంచి నిన్న పొద్దున నడక మొదలుపెట్టానని చెప్పింది. ఆమె కొడుకు జానయ్య కోదాడ ఠాణాలో జవాను. సైన్యం వచ్చిన రోజుల్లో అక్కడే చనిపోయాడని అందరూ అన్నారు. శవం మాత్రం ఎవరూ చూపించలేదు. పది నెలలుగా అడుగుతూనే ఉంటే, మొన్న ఒక చాకలాయన ఈ మాట చెప్పాడట: పారిపోయిన జవాన్లు కొందరు సూర్యాపేటలో ఒక దర్జీ దగ్గర బట్టలు మార్చుకున్నారని, ఆ దర్జీ బిళ్ళలు దాచుకుంటాడని.

"నా కొడుకు బిళ్ళ నాలుగొందల పదిహేడయ్యా. చూసి చెబితే పోతాను" అంది.

తులసీరాం గుడ్డ తెచ్చి అరుగు మీద పరిచాడు. అందులో ఆ జవాన్లు వదిలిపోయిన పోలీసు బిళ్ళలు పదకొండున్నాయి. వాటి మీది అంకెలన్నీ ఉర్దూలో ఉన్నాయి. తులసీరాంకు ఏ అక్షరమూ రాదు. ఇన్నాళ్ళుగా వాటి అందం చూశాడే కానీ అవి అంకెలని కూడా అతనికి సరిగా తట్టలేదు. ఇంట్లో ఉర్దూ చదివినవాడు లక్ష్మయ్య ఒక్కడే. ఆండాలు మరిది వైపు చూసింది. అతను ముఖం తిప్పుకుని వీధిలోకి చూస్తున్నాడు.

ఎవరూ చదవకపోయేసరికి ముసలావిడ చేతులు చీరకు తుడుచుకుంది. ఒక్కో బిళ్ళనూ వేళ్ళతో తడమడం మొదలుపెట్టింది. ముందు పైన, తర్వాత గుడ్డ కింద చెయ్యి పెట్టి వెనక. ఏడో బిళ్ళ దగ్గర వేళ్ళు ఆగాయి.

"ఇదే" అంది. "సెలవుకొచ్చినప్పుడల్లా చింతపండు, బూడిద పెట్టి నేనే తోమేదాన్ని. ఒకసారి చేయిజారి వెనక పిన్ను విరిగింది. కోదాడ కంసాలి చేత రాగితీగతో అతికించాను. చూడండి."

తులసీరాం బిళ్ళ విప్పి తిప్పాడు. పిన్ను మొదట్లో ఎర్రటి రాగి అతుకుంది. లక్ష్మయ్య ఎప్పుడు వచ్చాడో వచ్చి, అన్న చేతిలోంచి బిళ్ళ తీసుకుని వెలుగులో పెట్టి చూశాడు.

"నాలుగు, ఒకటి, ఏడు" అన్నాడు మెల్లగా.

అప్పుడు తులసీరాం కళ్ళు మూసుకున్నాడు. అతనికి అక్షరాలు రావు, కానీ ఒకసారి కొలిచిన ఒళ్ళు, ఆ మనిషి విప్పి ఇచ్చిన బిళ్ళ మరిచిపోడు.

"ఎత్తరి మనిషి. ఎడమ బుజం జర కిందికుంటది. మెడ సన్నం" అన్నాడు.

"చిన్నప్పటినుంచీ ఆ భుజం మీదే కావడి మోశాడయ్యా" అంది సువార్తమ్మ.

"నా అంగీ ఇస్తే బుజాల కాడ వట్టలే. నిలవడ్డోన్ని నిలవడ్డట్టే ఉంచి కుట్లు ఇప్పి వదులు జేసిన. కోదాడ దిక్కు తోపుల మోత ఆగినంక రెండో రోజది. మిర్యాలగూడ తొవ్వ అడిగిండవ్వా. మిల్లుల పని దొరుకుతదా అన్నడు."

చనిపోయాడన్న రోజు తర్వాత కొడుకు ఈ అరుగు మీద నిలబడ్డాడన్నమాట. ముసలావిడ అరుగును రెండు చేతులతో తాకి, ఆ చేతులు కళ్ళకద్దుకుంది. ఆండాలు ఏడ్చేసింది.

లక్ష్మయ్య బిళ్ళ ఇంకా పట్టుకునే ఉన్నాడు. అడగకుండా ఉండలేకపోయాడు. "అవ్వా, నీ కొడుకు మందిని కొట్టెటోడా?"

ఆమె అతని కాలు చూసింది. తల దించుకోలేదు.

"కొట్టే ఉంటాడు బిడ్డా. కొట్టమంటే కొట్టే కొలువు అది. సెలవుకొచ్చి ముద్ద నోట పెట్టుకోకుండా కూర్చునేవాడు. ఎందుకని నేను అడగలేదు. అడగాల్సింది."

అతను ఆ బిళ్ళను ఆమె అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. మూట మళ్ళీ భుజానికెత్తుకుని, తనూ మిర్యాలగూడకే పోతున్నానని, వెంట రమ్మని అన్నాడు. ఆండాలు ఇద్దరికీ రొట్టెలు కట్టి ఇచ్చింది. తులసీరాం బస్సుదాకా వెనక నడిచాడు కానీ తమ్ముడు ఒక్క మాటా మాట్లాడలేదు. ఇంటికొచ్చి అతను గొడ్డలి తీశాడు. ఆ పూట అన్నం ఆ లాఠీ ముక్కలతోనే ఉడికింది.

నాలుగు రోజులు ఇంట్లో మిషన్ తిరగలేదు. ఐదోనాడు పొద్దెక్కాక లక్ష్మయ్య ఒక్కడే తిరిగొచ్చాడు, మూట అలాగే ఉంది. ఆండాలు నీళ్ళిస్తే తాగి చెప్పడం మొదలుపెట్టాడు.

మూడు మిల్లులు తిరిగాక నాలుగోదాంట్లో జానయ్య దొరికాడు. గడ్డం పెంచుకుని, పేరు మార్చుకుని బస్తాలు మోస్తున్నాడు. తల్లి అతన్ని పిలవలేదు, దారికి అడ్డంగా నిలబడిందంతే. అతని భుజం మీది బస్తా జారి పిగిలిపోయింది. ఊరికి వెళ్తే తనవల్ల దెబ్బలు తిన్నవాళ్ళ ముఖం ఎలా చూడాలో తెలియక, చచ్చాడనే అనుకోనిమ్మని ఊరుకున్నాడట.

"అవ్వ బిళ్ళ ఇస్తే తీసుకోలేదన్నా. నా కాలు దిక్కు సూసిండు. సూర్యాపేట ఠాణాల ఇరగ్గొట్టిన్రని చెప్పిన. తను గాడ లేనన్నడు. కోదాడల గిట్లనే కొట్టిననన్నడు. కింద కూసోని నా మోకాలు వట్టుకొని ఏడ్శిండు. ఏం జెయ్యాల్నో తెల్వక నేను గూడ కూసున్న. ఆ అవ్వ మా ఇద్దరి నెత్తి మీద చేతులు వెట్టింది."

తులసీరాం అంతసేపూ తల వంచుకుని విన్నాడు. ఇత్తడిలో ఉందనుకుని ఇన్నాళ్ళు తను చేతులు జోడించినది ఇత్తడిలో లేదు. ఒక తల్లి బూడిదతో తోమిన చేతుల్లో ఉంది. తమ్ముడి విరిగిన కాలిలో ఉంది. అది ఎదురుగా అరుగు మీద కూర్చుని గుండీలు కుడుతుంటే తను అటక మీద వెతుక్కున్నాడు. అతను లేచి వచ్చి తమ్ముడి ముందు కూలబడి ఆ కాలిని ఒళ్ళోకి తీసుకున్నాడు. కన్నీళ్ళు మోకాలి మీద పడుతున్నాయి.

"తప్పయింది తమ్మీ" అన్నాడు.

లక్ష్మయ్య కాలు వెనక్కి తీసుకోలేదు. మూట విప్పాడు. అందులో మిర్యాలగూడలో కొన్న కాగితాల పుస్తకం, పెన్సిలు ఉన్నాయి.

"ఇంక పది మంది ఉన్నరు గదా. వాళ్ళకు గూడ ఎవరో ఒకరు ఉండే ఉంటరు. నంబర్లు నేను సదువుత. ఒళ్ళు ఎట్లుండెనో నువ్వు జెప్పు."

ఇద్దరూ గుడ్డ పరుచుకుని కూర్చున్నారు. లక్ష్మయ్య మొదటి బిళ్ళ చేతిలోకి తీసుకుని అంకె చదివాడు. తులసీరాం కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించాడు.

"పొట్టోడు. సాతి ఎడల్పు. అంగీ తొడుగుతుంటె సేతులు వణికినయ్. పోయేముందు నాకు దండం వెట్టిండు."

తమ్ముడు రాసుకున్నాడు. ఆండాలు పొయ్యి దగ్గరనుంచి లేచి వచ్చి గుమ్మానికి ఆనుకుంది. ఇన్నాళ్ళు భయపడిన ఆ గుడ్డ మీదినుంచి మనుషులు ఒక్కొక్కరే లేచి ఇంట్లోకి నడిచి వస్తున్నట్టుంటే, ఆమె అక్కడే వింటూ ఉండిపోయింది.