లంగరు కదిలింది

మిషన్ పేరేమిటో చెప్పకముందే ఏజెంట్ నైన్‌కి ఆవలింత వచ్చింది. ఇరవై ఆరేళ్ల సర్వీసు. నాలుగు రోజులుగా కంటి మీద కునుకు లేదు.

“రేవు బయట లంగరేసిన ఓడ విదేశీ ముఠా చేతిలో ఉంది,” అన్నాడు చీఫ్. “ఇవాళ గాలి లేవగానే లంగరు జారినట్టు నటించి, సముద్రం అడుగునున్న మన కేబుల్ తెంపేస్తారు. ఫోన్లు, ఆస్పత్రులు, రాడార్లు అన్నీ బంద్. లోకం ప్రమాదమే అనుకుంటుంది. లోపల మన మనిషి ఉంది, ఇన్సూరెన్స్ సర్వేయర్ వేషంలో. కోడ్ తెలుసుగా?”

“తెలుసు సార్.”

పదకొండింటికి గొలుసుల ఇన్‌స్పెక్టర్ వేషంలో నైన్ ఓడెక్కాడు. ముందు డెక్ మీద ముసలి సరంగు నూనె చేతులతో ఎదురొచ్చాడు. పాపం, అతనికి ముఠా సంగతి తెలీదు.

“ఇంత ఓడని ఆ ఇనుము ఎలా ఆపుతుంది పెద్దాయనా?”

“అదొక్కటే ఏం ఆపుతుంది బాబూ! గొలుసు అడుగున పొడుగ్గా పడుకుని అడ్డంగా లాగాలి. అప్పుడే లంగరు కొమ్ములు మట్టిలో దిగుతాయి. గొలుసు పొట్టిదైతే లంగరు లేచి ఈడ్చుకుపోతుంది.” సరంగు గొంతు తగ్గించాడు. “నూట అరవై మీటర్లున్న గొలుసుని పొద్దున ఎనభైకి లాగించాడు కెప్టెన్. ఎందుకయ్యా అంటే కసిరాడు.”

రాత్రి మన డైవర్లు లంగరుకి అంటించిన ట్రాన్స్‌మిటర్ నైన్ వాచీలో దూరం చూపిస్తోంది. కేబుల్‌కి మూడు వందల మీటర్లు. గాలి లేచింది, అంకె చకచకా తగ్గుతోంది.

నల్లకళ్లద్దాలు, పట్టు స్కార్ఫ్‌తో సర్వేయర్ వచ్చింది.

“గొలుసు కొత్తదా?” అన్నాడు నైన్.

“ఎండకి కొత్త, నీటికి పాత.”

కోడ్ సరిపోయింది. ఆమె సరంగుని కెప్టెన్ దగ్గరికి పంపేసి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది.

“నువ్వూనా?”

“రెండు వైపులా పనిచేస్తే అలసట కూడా రెట్టింపే. ఇవాళ్టితో ఒక వైపు వదిలించుకుంటున్నా.”

“మోకాళ్లు లాగేస్తున్నాయి. కూర్చోనా?”

“కూర్చో. ఇంకో నిమిషమేగా.”

గొలుసు చుట్టే యంత్రం పక్కన కూలబడి, ఆసరాకన్నట్టు బ్రేక్ చక్రం పట్టుకున్నాడు. వాచీలో నలభై. ముప్పై. ఒంటి బరువంతా వేసి బ్రేక్ వదిలిపోయేలా చక్రం తిప్పేశాడు.

గొలుసు ఉరుములా గర్జిస్తూ నీళ్లలోకి దూకింది. ఎర్రటి తుప్పు దుమ్ము ఆమె కళ్లలో కొట్టింది. పేలిన తూటా ఇనుముకి తగిలి ఎటో పోయింది. నైన్ ఆమె మణికట్టు మెలితిప్పి పిస్టల్ లాక్కున్నాడు. చప్పుడికి పరుగెత్తుకొచ్చిన సరంగు, నూట అరవై గుర్తు దాటగానే బ్రేక్ బిగించాడు. గొలుసు బిర్రుగా సాగింది. ఓడ ఒళ్లంతా వణికి ఆగింది.

వాచీలో పదకొండు మీటర్లు. అక్కడే నిలిచిపోయింది.

కోస్ట్ గార్డులు ఆమెనీ కెప్టెన్‌నీ దింపుకుపోయాక చీఫ్ ఫోన్ చేశాడు. “శభాష్! ఆ లంగరు తీయించి వెంటనే వచ్చెయ్, ఇంకో పనుంది.”

“అదిప్పుడే కుదురుకుంది సార్,” అన్నాడు నైన్, డెక్ మీద వెల్లకిలా పడుకుని. “దాన్ని కదపకండి. నన్ను కూడా.”