నలభై ఒకటో బిళ్ళ

ఆ పెంకుల ఫ్యాక్టరీలో మట్టి కలిపే షెడ్డుకి మంచి పేరు లేదు. పగలు వందమంది తిరిగే చోటే. చీకటి పడిందంటే మాత్రం ఒక్క ప్రాణి అటు తొంగిచూడదు. కుక్కలు కూడా చుట్టూ తిరిగి పోతాయంటారు. కుక్కల సంగతి ఎవరు చూడొచ్చారో తెలీదు గాని, మాట మాత్రం అందరి నోటా ఉంది.

ఏముంది అక్కడ? తెల్లచీరా లేదు, వెనక్కి తిరిగిన పాదాలూ లేవు. ఒక చప్పుడు. అంతే.

టంగ్... టంగ్...

ఇత్తడి బిళ్ళ ఇనప కొక్కేనికి తగిలే చప్పుడు. గుండె దిటవు చేసుకుని వెళ్ళి చూస్తే — కొక్కెం ఖాళీగా ఉంటుంది.

ఇంత చిన్న చప్పుడుకి అంత భయమేమిటి అంటారా? చెప్తాను. ఆ షెడ్డులో రెండాళ్ళ ఎత్తు ఇనప మర ఒకటుంది. లోపల పెద్ద పెద్ద కత్తులు తిరుగుతూ మట్టిని పిసుకుతాయి. పక్కన మనిషి దూరేంత కంత. దాన్ని అందరూ ‘నోరు’ అంటారు. మట్టి గట్టిపడి కత్తులకి పట్టేస్తే, ఎవరో ఒకరు మర ఆపి, ఆ నోట్లో దూరి గీకి రావాలి.

దూరేముందు తన నంబరు బిళ్ళని స్విచ్చు పక్కనున్న కొక్కేనికి తగిలించాలి. బిళ్ళ వేలాడుతోందంటే లోపల మనిషి ఉన్నట్టు. ఎవరి బిళ్ళ వాళ్ళే తియ్యాలి. సాక్షాత్తూ యజమాని వచ్చినా ముట్టుకోకూడదు. ఆ ఫ్యాక్టరీలో అంతకు మించిన చట్టం లేదు.

రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం నలభై ఒకటో నంబరు కుర్రాడు లోపల ఉండగా మర తిరిగింది.

స్విచ్చు నొక్కింది మేస్త్రీ. ఎప్పుడూ మెడలో విజిల్ వేసుకుని తిరుగుతాడు కాబట్టి విజిల్ మేస్త్రీ అనేవాళ్ళు. విచారణకి వచ్చినవాళ్ళ ముందు అతను ఒకే మాట మీద నిలబడ్డాడు. “కొక్కేనికి బిళ్ళ లేదండీ. ఉంటే నేనెందుకు నొక్కుతాను?”

షెడ్డంతా వెతికారు. నలభై ఒకటో బిళ్ళ ఎక్కడా దొరకలేదు. కుర్రాడు మరిచిపోయాడు అని రాసేసుకుని వెళ్ళిపోయారు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. గేటు దగ్గర గోడకి ఒక బోర్డు పెట్టించారు. ఎర్ర అక్షరాలు.

‘బిళ్ళ మరిచినవాడి గతి ఇంతే. నలభై ఒకటిని గుర్తుంచుకో.’

ఆ బోర్డు కిందినుంచే రోజూ పనికి వెళ్ళేది — ఆ కుర్రాడి అక్క.

ఆమెని అందరూ బిళ్ళలక్క అనేవాళ్ళు. గేటు గదిలో కూర్చుని పొద్దున్నే ఎవరి బిళ్ళ వాళ్ళకివ్వడం, సాయంత్రం తిరిగి తీసుకుని చెక్కకి తగిలించడం, తాళాలు చూసుకోవడం ఆమె పని. తన బిళ్ళ పన్నెండు. దాన్ని నల్లతాడుతో మెడలో కట్టుకునేది. తమ్ముడికి ఆ రోజు బిళ్ళ ఇచ్చింది ఆమే. వాడు దాన్ని చొక్కాకి రుద్ది మెరుగుపెట్టి, “నీ ముక్కుపుడక కంటే మెరుస్తోందే అక్కా” అని ఏడిపించి మరీ వెళ్ళాడు. అలాంటివాడు మరిచిపోతాడా?

తల్లీ తండ్రీ లేని ఇద్దరినీ అమ్మమ్మ పెంచింది. అమ్మమ్మకి ప్రార్థనే అన్నం, ప్రార్థనే నిద్ర. పడుకునేముందు దేవదూతల కథ చెప్పందే వదిలేది కాదు. ప్రతి మనిషికీ ఒక దూతని అప్పగిస్తాడట దేవుడు. కాలికి రాయి తగలకుండా చేతుల మీద ఎత్తి పట్టుకుంటారట. సింహాల గుహలో పడేసిన భక్తుడి కోసం దూత వచ్చి, తెల్లవార్లూ ఆ సింహాల నోళ్ళు మూసి ఉంచాడట.

“దూత అంటే చచ్చిపోయినవాళ్ళా అమ్మమ్మా?” అని తమ్ముడు అడిగేవాడు.

“ఛ, నోర్ముయ్! చచ్చినవాళ్ళు దూతలవ్వరురా. వాళ్ళు పుట్టరు, చావరు. దేవుడు పంపితే వస్తారు, చెప్పమన్నది చెప్తారు, పోతారు. దణ్ణం పెట్టబోయినా పెట్టనివ్వరు.”

“తెల్లగా, అందంగా ఉంటారా?”

“అందంగా ఉంటే, రాగానే ‘భయపడకు’ అని ఎందుకంటార్రా వెర్రి నాయనా? ఏ దూత వచ్చినా ముందు ఆ మాటే. అంటే చూడగానే ప్రాణాలు పైనే పోయేలా ఉంటారన్నమాట.”

తమ్ముడు పోయిన మూడోరోజు అక్క అమ్మమ్మ ముందు కూర్చుంది. ఏడుపు లేదు.

“వాడి దూత ఆ రోజు ఎక్కడున్నాడు?”

అమ్మమ్మ బైబిలు మూసి పక్కన పెట్టింది.

“జైల్లో పడ్డ ఒక శిష్యుడికి దూత వచ్చి గొలుసులు ఊడదీశాడే తల్లీ. అదే రోజుల్లో ఇంకో శిష్యుణ్ణి కత్తితో చంపేశారు. వాడి దగ్గరికి ఎవరూ వచ్చినట్టు రాయలేదు. ఎందుకో... నాకూ తెలీదే.”

ఆ రాత్రి నుంచి అక్క కూడా ప్రార్థన చెయ్యడం మొదలుపెట్టింది. అమ్మమ్మ సంతోషించింది. పాపం, ఆ ప్రార్థన ఏమిటో ఆవిడకి తెలీదు. ఒకటే కోరిక — “దేవుడా, మేస్త్రీ పక్కనున్న నీ దూతని ఒక్క నిమిషం పక్కకి జరుపు. ఒక్క నిమిషం చాలు. మిగతాది నేను చూసుకుంటా.”

రెండేళ్ళు. ఒక్క రాత్రి తప్పకుండా.

ఇలా ఉండగా ఆ మర ముసలిదైపోయిందనీ, కొత్తది తెస్తున్నారనీ కబురొచ్చింది. పాతదాన్ని అడుగు పలకలతో సహా విప్పి, తెల్లారి తీసుకుపోతారు. ఆ సాయంత్రం అందరూ ఇళ్ళకి పోయాక అక్క చెక్క మీద బిళ్ళలు సరిచూసుకుంది.

ఒకటి తక్కువ. మూడో నంబరు. మేస్త్రీది.

తాళాలు చూసింది. షెడ్డు తాళంచెవి కూడా లేదు.

చెప్పులు గేటు గదిలోనే విడిచేసి, చీకట్లో షెడ్డు వైపు నడిచింది.

తలుపు ఓరగా ఉంది. లోపల దీపం లేదు. స్విచ్చు పెట్టె మీద చిన్న ఎర్రలైటు మాత్రం వెలుగుతోంది. అంటే కరెంటు ఉంది. మర నోట్లోంచి టార్చి వెలుతురు కొద్దికొద్దిగా కదులుతోంది. లోపల ఎవరో ఉలితో అడుగు పలక మీద గట్టిపడ్డ మట్టిని గీకుతున్నారు.

గర్ర్... గర్ర్...

కొక్కేనికి బిళ్ళ వేలాడుతోంది. మూడు.

దొంగతనంగా వచ్చినవాడు కూడా బిళ్ళ తగిలించడం మానలేదు! ఇంకొకడి బిళ్ళ లేనే లేదన్న పెద్దమనిషి, తన ప్రాణం దగ్గరికొచ్చేసరికి ఎంత బుద్ధిగా తగిలించాడో చూడండి. అది చూసి ఆమెకి నవ్వొచ్చింది. చాలా చెడ్డ నవ్వు.

ఎవరూ లేరు. ఎవరికీ తెలీదు. బిళ్ళ తీసి, బటన్ నొక్కి, రేపు అందరి ముందూ ఒక్క మాట అంటే చాలు — ‘కొక్కేనికి బిళ్ళ లేదండీ.’

దూతని జరిపాడన్నమాట దేవుడు!

చెయ్యి చాపింది. మూడో నంబరు బిళ్ళ తీసింది. చల్లగా ఉంది.

టంగ్...

ఆ బిళ్ళ కింద ఇంకో బిళ్ళ ఊగుతోంది.

ఎర్రలైటుకి దగ్గరగా వంగి చూసింది. నాలుగు... ఒకటి. అంచుల్లో ఎండిన మట్టి. మధ్యలో మాత్రం చొక్కాకి రుద్దిన మెరుపు.

ఒళ్ళు గగుర్పొడిచింది. భయంతో కాదు, సంతోషంతో. “వచ్చావా తమ్ముడూ...” అని గొణిగింది. వాడే! వాడే వచ్చి, ‘నొక్కక్కా’ అంటున్నాడు. ఇంకేం కావాలి? నలభై ఒకటినీ తీసి గుప్పిట్లో పెట్టుకుంది. రెండో చెయ్యి బటన్ మీదికి వెళ్ళింది.

టంగ్...

కొక్కెం ఇంకా ఖాళీ కాలేదు.

ఇంకో బిళ్ళ ఉంది. నెమ్మదిగా అటూ ఇటూ ఊగి... ఆమె వైపు తిరిగి... ఆగింది.

పన్నెండు.

బటన్ మీది చెయ్యి వెనక్కి తీసుకుని మెడ తడుముకుంది. నల్లతాడు ఉంది. ముడి వేసింది వేసినట్టే ఉంది. తాడుకి బిళ్ళ లేదు!

బిళ్ళ వేలాడుతోందంటే లోపల మనిషి ఉన్నట్టు. తొమ్మిదేళ్ళుగా కొత్తగా చేరిన ప్రతివాడికీ ఆమె చెప్పే మొదటి మాట అదే. ఇప్పుడు ఆ కొక్కెం ఆమెకి అదే చెబుతోంది. ఆ నోట్లో ఉన్నది మేస్త్రీ ఒక్కడే కాదు... తనూ ఉంది. బటన్ నొక్కితే తను కూడా అందులోంచి ఇక బయటికి రాదు.

తన బిళ్ళ తను తీసుకోవచ్చు. చట్టం ఒప్పుకుంటుంది. చెయ్యి లేచింది. కొక్కెం దాకా వెళ్ళింది. అక్కడ ఎంతసేపు ఉందో ఆమెకే తెలీదు. పక్కన ఎవరో నిలబడ్డట్టు ఉంది. ఊపిరి చప్పుడు లేదు, అడుగుల చప్పుడు లేదు. ఊరికే... ఉన్నారు.

చివరికి మేస్త్రీ బిళ్ళని తిరిగి తగిలించింది. జాలిపడి కాదు, క్షమించీ కాదు. పళ్ళు పటపటా కొరుకుతూ, కన్నీళ్ళు కారుతుంటే తగిలించింది.

మళ్ళీ చూస్తే కొక్కేనికి మూడో నంబరు ఒక్కటే ఉంది. పన్నెండు లేదు. మెడలో చల్లగా తగిలింది. తాడుకే ఉంది, ఎప్పటిలాగే. దాని కన్నం చుట్టూ మాత్రం కొక్కెం మీది నల్ల గ్రీజు అంటుకుని ఉంది.

అప్పుడే లోపల ఉలి చప్పుడు ఆగింది. టార్చి ఆరిపోయింది.

కేకా లేదు, పిలుపూ లేదు. దొంగకి తేలు కుట్టినట్టు అంటారే, అలా ఉంది లోపలి నిశ్శబ్దం. తర్వాత మేస్త్రీ ఆ నోట్లోంచి పాక్కుంటూ బయట పడ్డాడు. మనిషిలో నెత్తుటిచుక్క లేదు. మెడలో విజిల్ టకటకా బొత్తాలకి కొట్టుకుంటోంది.

“ఎవరు... లోపల ఎవరు...” అంటూ తలెత్తాడు. ఎర్రలైటులో ఆమె కనిపించింది.

“నువ్వా! నువ్వెప్పుడొచ్చావమ్మా? నేను... ఉలి మరిచిపోయి...”

ఆమె గుప్పిట విప్పింది.

మేస్త్రీ ఆ బిళ్ళ వంక చూశాడు. నోరు తెరుచుకుంది. రెండేళ్ళు కడుపులో దాచుకున్న మాట దానంతటదే జారిపోయింది.

“అది... అది లోపల పడేశాను కదా నేను!”

అనేశాక తెలిసింది ఏమన్నాడో. రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఇక మూసుకుని ఏం లాభం?

“ఎందుకు తీశావు?” అంది ఆమె, గుసగుసగా.

“టీకి పోయాడనుకున్నానమ్మా... అందరూ బిళ్ళ వదిలేసి టీకి పోతూనే ఉంటారు కదా. ఆర్డరు ఆలస్యమైపోతోంది. పిలవలేదు. ఒక్కసారి... ఒక్కసారి లోపలికి కేకేసి ఉంటే...” అంటూ నేల మీద కూలబడ్డాడు. “తర్వాత భయమేసి బిళ్ళ అందులోకే విసిరేశాను. రేపు పలకలు విప్పితే బయటపడుతుందని వచ్చాను. అంతా గీకాను. లేదు. నీకెలా దొరికింది?”

“లోపల ఏం చూశావు?”

మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. ఎంత అడిగినా దానికి మాత్రం నోరు విప్పలేదు.

“సరే” అంది ఆమె. “రేపు పొద్దున్న గేటు దగ్గర ఆ బోర్డు నీ చేత్తో తుడుస్తావు. అందరూ చూస్తుండగా. ఎందుకు తుడుస్తున్నావో గొంతెత్తి చెప్తూ తుడుస్తావు. అప్పుడు నేనే పోలీసులకి కబురు పెడతాను. మధ్యలో పారిపోయావో... ఈ కొక్కెం నిన్ను వెతుక్కుంటూ వస్తుంది.”

పారిపోలేదు. పొద్దున్నే నిచ్చెన వేసుకుని, గుడ్డా సున్నం పట్టుకుని బోర్డు ఎక్కాడు. వందమంది చూశారు. వందమంది విన్నారు. ఎర్ర రంగు మొండిగా వదల్లేదు. వదిలేదాకా దిగనివ్వలేదు అక్క. వేళ్ళు చిట్లి నెత్తురొచ్చినా దిగనివ్వలేదు. అమ్మమ్మ అక్కడుంటే ‘పోనీలేవే’ అనేది కాబోలు. అందుకే పిలవలేదు.

పోలీసులు జీపు ఎక్కిస్తుంటే మేస్త్రీ ఆగాడు. ఆమెని దగ్గరికి రమ్మన్నట్టు చూశాడు.

“రాత్రి అడిగావు కదమ్మా...” అన్నాడు. “లోపల ఒకడున్నాడు. నాకూ కత్తులకీ మధ్య నిలబడ్డాడు. నాకు వీపు పెట్టి, కత్తుల వైపు తిరిగి.”

“మా తమ్ముడా?”

“కాదు. వాణ్ణి నేనెరుగుదును కదా. వీడు... వీడు మనిషి కాదమ్మా. చివర్న ఒక్కసారి నా వైపు తిరిగాడు.”

ఆమెకి అమ్మమ్మ మాటలు గుర్తొచ్చాయి. “తిరిగి... ‘భయపడకు’ అన్నాడా?”

మేస్త్రీ ఆమె మెడలోని బిళ్ళని చూశాడు.

“ఆ మాట అనలేదమ్మా” అన్నాడు. “‘ఆ రోజు కూడా ఇక్కడే ఉన్నాను’ అన్నాడు.”