గేర్ల బండి లైసెన్సు

ఉదయం ఏడున్నరకి నొబుకో మిసో పులుసు గిన్నెల్లో పోస్తుండగా కూతురు సనాయె వచ్చింది. చెప్పులు విప్పుతూనే, "నాన్నా, పదింటికి బండి కొనేవాళ్లు వస్తారు. కాగితాల మీద సంతకం బదులు నీ పేరు ముద్ర వేసి ఉంచు," అంది.

నొబుకో భర్త తెత్సుజి తల ఊపాడు. ఒసాకాలో నలభై ఏళ్లు టాక్సీ నడిపిన మనిషి. చూపు మందగించి, వసంతంలో లైసెన్సు వెనక్కి ఇచ్చేసిన దగ్గర్నుంచి బయటికి వెళ్లడమే మానేశాడు. రెండు గోడల మధ్య ఇరికించినట్టుండే సొంత బుల్లి కారుని మాత్రం రోజూ తడిమి తడిమి తుడిచేవాడు.

"బండి అమ్మేది లేదు," అంది నొబుకో గరిటె కింద పెట్టి.

"మరి నడిపేదెవరమ్మా?"

"నేను."

ఆప్రాన్ జేబులోంచి లైసెన్సు కార్డు తీసి బల్ల మీద పెట్టింది. నాలుగు నెలలుగా పూల అమరిక క్లాసని చెప్పి ఆవిడ వెళ్తున్నది డ్రైవింగ్ స్కూలుకని ఇద్దరికీ అప్పుడు తెలిసింది.

"అరవై నాలుగేళ్లకా! ఎవరినైనా గుద్దితే?" సనాయె గొంతు లేచింది.

తెత్సుజి కార్డుని కళ్లకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూశాడు. "గేర్లు మార్చక్కర్లేని ఆటోమేటిక్ బండికేగా!"

"గేర్ల బండికే. రెండుసార్లు తప్పాను, మూడోసారి గట్టెక్కాను. ఆరు నెలలుగా మీరు పక్కింటి గోడని చూస్తూ కూర్చున్నారు. చూడలేకపోతున్నాను. లేవండి."

"ఆ సందులోంచి వెనక్కి తీయాలంటే నాకే చెమటలు పట్టేవి. నీవల్ల కాదే!"

"పక్కన కూర్చుని చూడండి."

కారుకి కొత్త డ్రైవర్ల ఆకు గుర్తు అంటించి నొబుకో స్టీరింగు పట్టుకుంది. అటు కరెంటు స్తంభం, ఇటు ఎదురింటివాళ్ల పూలకుండీలు. జానెడు చోటు లేదు.

"స్తంభం! స్తంభమే!" అని అరిచాడు తెత్సుజి.

"ప్రయాణికులు డ్రైవరుతో మాట్లాడకూడదు."

అడ్డుపడదామని కారు వెనక్కి పరుగెత్తిన సనాయె, కారు అంగుళం అంగుళం సరిగ్గా రావడం చూసి ఆగిపోయింది. తనకి తెలీకుండానే చెయ్యి ఊపడం మొదలుపెట్టింది. "రా అమ్మా... రా... ఇంకొంచెం... వచ్చేశావ్!" బండి రోడ్డెక్కగానే ఫోన్ తీసి, అమ్మట్లేదని కొనేవాళ్లకి చెప్పేసింది.

తెత్సుజి సీటు బెల్టు సర్దుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "రైలు స్టేషను దగ్గరికి పోనీ."

అక్కడి టాక్సీ స్టాండులో పాత స్నేహితులు అతన్ని చూసి కేకలేస్తూ చుట్టుముట్టారు. కారు దిగిన తెత్సుజి కళ్లజోడు తీసి కళ్లు ఒత్తుకున్నాడు.

"మా ఆవిడ," అన్నాడు స్టాండంతా వినబడేలా. "మా సందులోంచి ఒక్క ఊపులో తీసింది. ఒక్క గీత కూడా పడలేదు!"