తవుడు పోసి కొన్న పిల్ల

ఆఫీసులో ఆమె తన్వి. ఊళ్ళో అడుగుపెడితే తవిటమ్మ. విశాఖపట్నంలో బస్సెక్కిన మనిషి గజపతినగరంలో దిగేసరికి వేరే మనిషైపోతుందని మొగుడు త్రినాథ్ ఆటపట్టిస్తూ ఉంటాడు.

ఆ పేరుతో ఆమె చిన్నప్పుడు పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. చాటలో తవుడు పోసి కుక్కలకు జగడం పెట్టినట్టు అన్న సామెత మాస్టారు చెప్పిన రోజున క్లాసు క్లాసంతా వెనక్కి తిరిగి ఆమెనే చూసింది. ఆ మంట ఎంతలా నాటుకుందంటే, డిగ్రీ అయ్యాక ఆధార్ కార్డు మీద కూడా తన్వి అని మార్పించుకునేదాకా ఊరుకోలేదు.

ఇప్పుడు కన్నవారింట మంచం మీద కూర్చుని, ఫోనులో పిల్లల పేర్లూ వాటి అర్థాలూ వెతుకుతోంది. పక్కన చీర ఉయ్యాలలో పసిగుడ్డు. ఎల్లుండే పేరు పెట్టాలి.

దీనికి ముందు ఒక ఆడపిల్ల పుట్టింది. రెండేళ్ళ కిందట, ఇదే ఇంట్లో, పేరు పెట్టే రోజు రాకుండానే పోయింది. పాలు మానేసింది, తెల్లారేసరికి చల్లబడిపోయింది. ఆ బుల్లి చేతికి తాను గుచ్చి కట్టిన నల్లపూసల్ని, మధ్యలోని ఒక్క నీలంపూసతో సహా, తీయనివ్వకుండా పూడ్చిపెట్టించింది తవిటమ్మ. ఆ పిల్లకి సిరిచందన అని పెట్టాలనుకుంది. ఆ సంగతి త్రినాథ్‌కి కూడా చెప్పలేదు. ఈ పిల్ల చేతికీ నల్లపూసలు కట్టింది గానీ నీలంపూస వెయ్యడానికి మనసొప్పలేదు.

ఈ పిల్లా పొద్దుట్నించి పాలు సరిగా తాగడం లేదు. డాక్టరు చూసి ఏం ఫరవాలేదన్నాడు. అప్పుడూ ఆ మాటే అన్నారు.

ఆ గుబులుకో ఏమో, ఎన్నడూ అడగని మాట అడిగింది. "అమ్మా, నాకా పేరెందుకెట్టేవు? ఇంకే పేరూ దొరకనేదా?"

వాళ్ళమ్మ చిన్నతల్లి బియ్యం చెరుగుతున్న చేట ఆపింది. "ఎందుకు దొరకవే? నీ ముందు ముగ్గురికి మంచి మంచి పేర్లే అనుకున్నాం. ముగ్గురూ నిలవనేదు. నువ్వు పుట్టినప్పుడు మా అత్త నిన్ను ఎనక కిటికీలోంచి బయటికిచ్చీసింది. అవతల తాతమ్మ నిలబడున్నాది. చేటలో తవుడు పోసి నిన్ను కొనీసింది. ఇల్లు సుట్టూ తిరిగి, వీధి గుమ్మంలోకొచ్చి, 'ఇది నా పిల్ల, నాకు పెంచి పెట్టండి' అని నా ఒళ్ళో ఎట్టింది. మరి నువ్వు నా పిల్లవి కాదు కదా. తవుడు పోసి కొన్న పిల్ల ఎవులిక్కావాల? అట్టుకుపోయేదానిక్కూడా అక్కర్నేకపోయింది."

"అట్టుకుపోయేదెవులే?"

చిన్నతల్లి మళ్ళీ బియ్యం చెరగడం మొదలుపెట్టింది.

తాతమ్మ పక్కింటి ముసలమ్మ. తవుడు పోసి కొన్నది కాబట్టి తవిటమ్మకి కొన్నమ్మ. సాయంత్రమైతే వెనక కిటికీ దగ్గర నిలబడి "తవిటీ..." అని పిలిచి బెల్లంముక్క చేతిలో పెట్టేది. మొదటి పిల్ల పుట్టినప్పుడు "దీన్నీ నాకు అమ్మీసీయే" అని కిటికీ అవతల నిలబడి బతిమాలింది. తవిటమ్మ నవ్వేసింది. పిల్ల పోయిన నెలకే తాతమ్మా పోయింది.

"ఇప్పటికైనా నా మాట ఇను. సందు సివరింటి పద్మకుమారి కొంటానన్నాది," అంది తల్లి.

తవిటమ్మకి ఒళ్ళు మండిపోయింది. "నా కూతురికీ తవుడు పేరేనా? నేను పడ్డది సాలదా?"

"పేరు పోతే పోనాది. పిల్లుంటాది కదే."

ఆ మాట గుచ్చుకుంది. అయినా ఒప్పుకోలేదు.

సందెవేళకి వాన పట్టుకుంది. పసిదాని ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. రొమ్ము నోట్లో పెడితే పెదవి కదపలేదు. పని మీద విజయనగరం వెళ్ళిన త్రినాథ్ అక్కణ్ణించి కారులో బయల్దేరాడు, రాగానే ఆసుపత్రికి వెళ్ళిపోదామన్నాడు. ఈ వానలో ఎంతసేపవుతుందో. తవిటమ్మ పంతం ఆ కాస్సేపట్లో కరిగిపోయింది.

"అమ్మా... పద్మకుమారిని తీసుకురా."

తల్లి ఖాళీ చేట ఒకటి వెనక కిటికీ గట్టు మీద పెట్టి, గొడుగు అందుకుంటూ చెప్పింది. "దాన్ని ఎనకవేపుకి పంపిస్తాను. పిల్లనిచ్చేటప్పుడు మాటాడకు. ఇచ్చీసి తిన్నగా వీధి గుమ్మం కాడికొచ్చీ."

తల్లి వెళ్ళిన కాస్సేపటికి కరెంటు పోయింది.

చీకటి. పైన రేకుల మీద వాన. పెరట్లో కప్పల గోల. తవిటమ్మ పిల్లని పొదివి పట్టుకుని వెనక కిటికీ రెక్కలు తెరిచింది. పాతకాలపు కిటికీ, ఊచలు లేవు. తడిగాలి మొహాన కొట్టింది. దానితోపాటు తవుడు వాసన. అందులో ఇంకేదో కలిసిన వాసన... అప్పుడే తవ్విన మన్ను వాసన.

కప్పలు ఆగిపోయాయి.

"తవిటీ..."

పద్మకుమారి ఆమెను ఎప్పుడూ అలా పిలవలేదు. కానీ మాట్లాడొద్దంది తల్లి. చేతుల్లో పిల్ల ఎగశ్వాస తీస్తోంది. ఆలోచించే వేళ కాదు.

చీకట్లోంచి రెండు చేతులు లోపలికి వచ్చాయి. మోచేతుల దాకా తడి మట్టి. తవిటమ్మ కళ్ళు మూసుకుంది. పిల్లని అందించింది. బరువు పోయింది.

కిటికీ గట్టు మీద చేటలోకి తవుడు పడిన చప్పుడు. సర్ర్... సర్ర్...

"నాదే..." అంది గొంతు.

అడుగులు కదిలాయి. గోడ వెంట... బురదలో... తప్... తప్... లోపల తవిటమ్మ, బయట అడుగులు. ఇద్దరూ వీధి వైపుకే. గుమ్మం అవతల అడుగులు ఆగాయి. ఆమె తలుపు తీసింది.

ఎవరూ లేరు.

సందు చివర్నించి ఒకే గొడుగు కింద ఇద్దరు పరిగెత్తుకుంటూ వస్తున్నారు. తల్లి. పద్మకుమారి.

"ఆలీసమైపోనాదే... ఈవిడ పశువుల్ని కట్టీసొచ్చీసరికి... పిల్లేదే?" అంది తల్లి రొప్పుతూ.

అప్పుడు ఇంట్లోంచి ఏడుపు వినబడింది.

పిల్ల ఉయ్యాల్లో ఉంది. ఒంటి మీద వానచుక్క లేదు. జ్వరం లేదు. ఒళ్ళోకి తీసుకోగానే రొమ్ము అందుకుని గుటకలు వేస్తూ తాగింది, ఎన్నాళ్ళ ఆకలో అన్నట్టు. తవిటమ్మ భోరున ఏడ్చింది.

చిన్నతల్లి కిటికీ గట్టు మీది చేట తెచ్చింది. నిండా తవుడు. "ఎవులే కొన్నారు?"

"తవిటీ అన్నాది. కొన్నమ్మలాగే..."

"నీ కొన్నమ్మే! నిన్ను మర్సిపోనేదు సూడు!" తల్లి పైటకొంగుతో కళ్ళొత్తుకుంది. అంతలోనే ఆ చెయ్యి ఆగిపోయింది. "గుమ్మం కాడ ఏటన్నాది? పెంచి పెట్టమన్నాదా?"

"ఏటీ అన్నేదు."

తల్లి పద్మకుమారి వైపు చూసింది. పద్మకుమారి గొడుగు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

త్రినాథ్ వచ్చి, పిల్ల పాలు తాగుతుంటే చూసి, ఊపిరి పీల్చుకుని పడుకున్నాడు. పొద్దున్నే తల్లి ఆ తవుడు ఆవు ముందు పెట్టింది. ఆవు వాసన చూసి, పలుపు తెంపుకునేలా వెనక్కి గుంజుకుంది. పారబోద్దామని తవిటమ్మ చేటలో చెయ్యి పెట్టింది. అడుగున వేళ్ళకి ఏదో చుట్టుకుంది.

తడి మట్టి పట్టిన దారం. నల్లపూసలు. మధ్యలో ఒక నీలంపూస.

లోపలికి పరిగెత్తి పిల్ల చెయ్యి పట్టుకుని చూసింది. బోసి చెయ్యి. తాను కట్టిన పూసలు లేవు.

ఒళ్ళో పడుకోబెట్టుకుంది. పిల్ల ఆబగా పాలు తాగుతోంది. తవిటమ్మ చాలాసేపు దాని మొహంలోకే చూసింది. తర్వాత ఎవరికీ ఎన్నడూ చెప్పని ఆ పేరు, గాలికి కూడా వినబడనంత మెల్లగా అంది.

"సిరిచందనా..."

పసిపిల్ల తాగడం ఆపింది. మెల్లగా తల తిప్పి ఆమె కళ్ళలోకి చూసింది.

"ఊఁ," అంది.

ఆ రోజు నుంచి సందెవేళ వీధి తలుపు వెయ్యనివ్వదు తవిటమ్మ. వానైనా, గాలైనా సరే. పిల్లని తల్లి చేతికిచ్చి, 'నాకు పెంచి పెట్టండి' అన్న మాట కోసం ఖాళీ ఒడితో గుమ్మంలో కూర్చుంటుంది. ఇల్లు చుట్టూ అడుగులు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.